సార్ సంతకం చేసిన రెండు ఉత్తరాలు

కోమలిని ఎవరైనా మెచ్చుకుంటే ముందు భయపడేది వాళ్ల అవ్వ పోలేరమ్మ. పదో తరగతిలో పిల్లకు మండలంలోనే మొదటి మార్కులు వచ్చాయని టీచరమ్మ ఇంటికి వచ్చి, "మీ పిల్ల బంగారం" అని పోయింది. ఆమె వీధి మలుపు తిరగకముందే అవ్వ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లోకి తీసుకుని పిల్లకు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి మార్కుల సంగతి మరిచిపోయారు. ఆ ఇంట్లో పొగడ్తకు అంతకు మించిన మర్యాద ఎప్పుడూ జరగలేదు. తన గొప్ప తాను చెప్పుకుంటే ఆయుష్షు తరుగుతుందని అవ్వ నమ్మకం. కోమలి సైన్సు చదివిన పిల్ల, అలాంటివి నమ్మదు. నమ్మకపోయినా, తన గురించి చెప్పుకోవాల్సి వస్తే ఆమెకు నోరు పెగలదు.

వాళ్లది బంగారుపాళ్యానికి ఆనుకున్న పల్లె. నాయన మునిరామయ్యకు చిన్న తోతాపురి మామిడి తోట ఉంది. కంచె పక్కన నాలుగు జామచెట్లున్నాయి. కాయల కాలంలో అమ్మ హైవే మీది గుజ్జు ఫ్యాక్టరీకి పనికి పోతుంది. కాయల్లో పురుగు కనిపిస్తే ఫ్యాక్టరీ వాళ్లు లోడు మొత్తాన్ని గేటు దగ్గరే వెనక్కి తిప్పేస్తారు. ఆ పురుగు ఎక్కడినుంచి వస్తుందని చిన్నప్పుడు అడిగితే నాయన, "పండులోనే పుడతాది" అని తేల్చేశాడు. అది పండులో పుట్టదనీ, ఒక ఈగ కాయ తోలు పొడిచి లోపల గుడ్లు పెట్టి పోతుందనీ డిగ్రీలో తెలిసింది. తెలిసిన రోజునుంచి కోమలికి ఆ ఈగ మీద పగ పట్టుకుంది. పగకంటే ఎక్కువగా ఆశ్చర్యం పట్టుకుంది. ఇన్ని ఆకుల, కొమ్మల మధ్య పండబోయే కాయ ఏదో దానికెలా తెలుస్తుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని తిరుపతి యూనివర్సిటీకి వచ్చి ఎమ్మెస్సీ జువాలజీలో చేరింది.

అక్కడ కృష్ణమూర్తి సార్ ల్యాబులో ఈగల గది ఉండేది. దోమతెర బిగించిన పంజరాల్లో పండు ఈగలను పెంచి వాటి మీద ప్రయోగాలు చేస్తారు. ఆసక్తి ఉన్న పిల్లలు మొదటి ఏడాదినుంచే అక్కడ పని చేయొచ్చు. ఆ ఏడాది ఆసక్తి ఉన్నవాళ్లు ఇద్దరే తేలారు. ఒకరు కోమలి. రెండోవాడు ఉబేద్. చిత్తూరులో ఫ్రిజ్జులు బాగుచేసే కాశింవలి కొడుకు. మాటకారి. గదిలోకి వస్తే ఈగలకు కూడా సలాం చెప్పే రకం. కోమలి సెలవుకు ఊరికి పోయినప్పుడల్లా పురుగు పట్టి రాలిన జామకాయలు సంచికెత్తుకుని బస్సులో తెచ్చేది. ఆ వాసనకు కండక్టర్లు తిట్టేవాళ్లు, పక్కన కూర్చున్నవాళ్లు లేచిపోయేవాళ్లు. సీటు మొత్తం తనకే మిగిలిందని ఆమె హాయిగా నిద్రపోయేది.

జనవరిలో ఆ ప్రకటన వచ్చింది. జర్మనీలో ఒక పరిశోధన సంస్థ ఎండాకాలం మూడు నెలలు విద్యార్థులను పిలిపించుకుని, దారి ఖర్చులు పెట్టి, తమ ల్యాబులో పని నేర్పుతుందట. ఎమ్మెస్సీ మొదటి ఏడాది వాళ్లకే అవకాశం. ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి ఒక్కరినే తీసుకుంటారు. ఆ ల్యాబు నడిపే ఆమె రాసిన వ్యాసం కోమలి దగ్గర అప్పటికే నలిగిపోయి ఉంది. ఈగ మీసానికి వెంట్రుక కన్నా సన్నని తీగ తగిలించి, పండు వాసన చూపించి, లోపల కరెంటు ఎలా కదిలిందో గీతగా చూపిస్తారు అందులో. ఆ గీతను ఒక్కసారి తన కళ్లతో చూడాలి. విమానం, మంచు, ఫోటోలు ఏవీ ఆమెకు పట్టలేదు. ఆ గీత కావాలి, అంతే.

దరఖాస్తులో మిగతావన్నీ ఎవరికి వాళ్లే నింపుకోవచ్చు కానీ గైడు సిఫార్సు ఉత్తరం మాత్రం గైడే రాయాలి కదా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. అయితే కృష్ణమూర్తి సార్ అలాంటి పూజారి కాదు. అడిగినవాళ్లందరికీ వరమిచ్చేస్తాడు, కాకపోతే ఆయనకు తీరిక ఉండదు. క్లాసు చెబితే గంట కొట్టింది కూడా తెలియకుండా చెబుతాడు, అంత మంచి మాస్టారు. క్లాసు దాటితే కమిటీలు, తనిఖీ బృందాలు, మీటింగులు.

"నువ్వే రాసుకొని రామ్మా, నేను సంతకం పెడతా" అన్నాడు సార్, ఫైలులోంచి తల ఎత్తకుండా. "అప్‌లోడు కూడా నువ్వే చేసెయ్. నా మెయిలు పాస్‌వర్డు కంప్యూటర్ మీద అంటించి ఉండాది."

ఇందులో తప్పుందని కోమలి అనుకోలేదు, సార్ అనుకోలేదు. అంతకు ముందు ఆ గడప తొక్కిన విద్యార్థులెవరూ అనుకోలేదు. ఉత్తరాలు అలాగే పుడతాయి మన దగ్గర. బిడ్డ తన జాతకం తానే రాసుకుని తెస్తే, అయ్యవారు పసుపు పూసి ఇస్తాడు.

కోమలి ల్యాబులో కూర్చుని సార్ గొంతుతో తన గురించి రాయడం మొదలుపెట్టింది. 'కోమలి వేళకు వస్తుంది' అని రాసింది. 'గాజు సామాను పగలగొట్టదు' అని రాసి, దసరా ముందు ఒక పిపెట్ పగిలిన సంగతి గుర్తొచ్చి కొట్టేసింది. తర్వాత ఏం రాయాలో తోచలేదు. మధ్యాహ్నమంతా కూర్చున్నా కాగితం మీద ఆమె వేళకు వస్తూనే ఉంది తప్ప ఇంకేమీ చేయడం లేదు.

ఉబేద్ వెనకనుంచి తొంగిచూసి పెద్దగా నవ్వాడు.

"ఇది సదివితే నిన్ను వాచ్‌మెన్ పనికి పిలుస్తారు" అన్నాడు.

"నువ్వేమి రాసుకున్యావో సూపియ్యి."

ఉబేద్ నవ్వు ఆగిపోయింది. అతనూ దరఖాస్తు చేస్తున్నాడు. అతని కాగితం మీద 'ఉబేద్ అసాధారణ మేధావి' అని ఒకే ఒక్క వాక్యం ఉంది. దాని మీద అడ్డంగా గీత ఉంది.

"రాసినప్పుడు బాగానే ఉణ్ణింది" అన్నాడు. "మళ్ళా సదివితే నాకే సిగ్గేసింది. మా నాయన సూస్తే అంగట్లో అందరికీ సదివి ఇనిపిస్తాడు."

కోమలి ఆ కాగితం తన వైపు లాక్కుంది. "ఒక పని చేద్దామా? నీది నేను రాస్తా. నాది నువ్వు రాయి."

"మనమిద్దరం పోటీ గదా! నేను నిన్ను తగ్గించి రాస్తే?"

"రాస్తావా?"

"రాయను."

"అంతే మరి. ఒకరిది ఒకరం సూసుకోకూడదు. ఎదురుగా పొగిడించుకునేది నా వల్ల కాదు."

అలా ఒప్పందం కుదిరింది. ఈ లోకంలో ఒకే సీటు కోసం పోటీపడేవాళ్లు ఇలాంటి ఒప్పందం ఇంకెక్కడైనా చేసుకుంటారో లేదో తెలియదు. వాళ్లకు మాత్రం అదే సులువుగా తోచింది.

తన గురించి ఒక వాక్యం దగ్గర కూలబడిన పిల్ల ఉబేద్ గురించి రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆగలేదు. ఇన్నాళ్లు పక్క బల్ల దగ్గర పని చేస్తూ ఎంత చూసిందో ఆమెకే అప్పుడు తెలిసింది. ఈగల గది చల్లదనం యంత్రం చెడిపోయి, బాగుచేసేవాడు వారం దాకా రానంటే, ఉబేద్ చిత్తూరు పోయి వాళ్ల నాయన పనిముట్ల పెట్టె తెచ్చి ఆ సాయంత్రానికే తిప్పించాడు. అది రాసింది. నవంబర్లో జరిగినది కూడా రాసింది. గుడ్ల లెక్కలో రెండు పంజరాల చీటీలు తారుమారయ్యాయి. ఎవరికీ తెలియదు. సార్‌కు అసలే తెలియదు. లెక్కలు చూడటానికి చక్కగా, అనుకున్నట్టే వచ్చాయి. ఉబేద్ మాత్రం ఆ పూటంతా అన్నం తినకుండా తిరిగి, చివరికి సార్ దగ్గరికి పోయి, "తప్పు జరిగింది సార్, నెల పని పోయినట్టే" అని చెప్పి, పంజరాలు కడిగి మొదటినుంచి మొదలుపెట్టాడు. సార్ "సరే" అని ఇంకో ఫైలు తీసుకున్నాడు. అతనెంత పని చేశాడో చూసింది కోమలి ఒక్కతే.

రాయడం అయ్యాక మొత్తం చదువుకుంది. తాను జర్మనీలో కూర్చున్న ఆ శాస్త్రవేత్తనైతే ఈ అబ్బాయినే పిలుస్తానని ఆమెకు స్పష్టంగా అర్థమైంది. నవంబర్ సంగతి తీసేస్తే ఉత్తరం మామూలుగా మారిపోతుంది. ఎవరూ అడగరు కూడా. కర్సర్ ఆ పేరా చివర పెట్టి కాసేపు అలాగే కూర్చుంది. తీయలేదు. త్యాగమేమీ కాదు. జరిగింది జరిగినట్టు రాసింది, బాగా రాసింది, బాగా రాసినదాన్ని చెరుపుకోవడానికి మనసొప్పలేదు.

సార్ ఒక మీటింగుకూ ఇంకో మీటింగుకూ మధ్య రెండు ఉత్తరాలకూ సంతకం పెట్టాడు. "బాగుండాదా?" అని అడిగాడు. "బాగుండాది సార్" అన్నారు ఇద్దరూ, తమది తాము చదవకుండానే.

మార్చిలో జవాబులు వచ్చాయి. కోమలికి వచ్చిన దాంట్లో, దరఖాస్తులు చాలా వచ్చాయి, ఈసారి వీలుకాలేదు, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు అని ఉంది. ఉబేద్‌కు సీటు వచ్చింది. సీటుతో పాటు ఆ శాస్త్రవేత్త స్వయంగా రాసిన నాలుగు మాటలు కూడా వచ్చాయి. 'నెల రోజుల పనిని తనంతట తాను పారబోసి మళ్లీ మొదలుపెట్టిన విద్యార్థి గురించి మీ ప్రొఫెసర్ రాసింది చదివాక మేము వేరే పేరు చర్చించలేదు' అని.

ఆ మెయిలు సార్‌కు కూడా వచ్చింది. సార్ దాన్ని అచ్చు తీయించి స్టాఫ్ రూములో చదివి వినిపించాడు. మైసూరుపాకు పంచాడు. "లెటర్ రాయడంలోనే ఉండాది అంతా" అని తోటి లెక్చరర్లకు చెప్పాడు. "మనం పిల్లల్ని గమనించాల. ఊరికే గుడ్ స్టూడెంట్ అంటే యెవడు తీసుకుంటాడు?" ఆయన అబద్ధం చెప్పడం లేదు. సంతకం తనదే కాబట్టి, చదివితే మాటలు కూడా తనవిగానే ఉన్నాయి. మనిషి మనసుకు ఆ మాత్రం వెసులుబాటు ఉంటుంది.

కోమలికి ఆ రోజు ఏడుపు వచ్చింది. హాస్టల్ బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చి, మొహం కడుక్కుని, ఈగలకు మేత పెట్టే వేళైందని ల్యాబుకు పోయింది. చక్కెర నీళ్లలో దూది ముంచుతుంటే ఉబేద్ వచ్చాడు. అతని మొహంలో సీటు వచ్చిన కళ లేదు.

"ఆమె రాసింది సదివినాక గానీ నువ్వేం రాసినావో నాకు తెలీలే" అన్నాడు. "నవంబర్‌ది నువ్వు సూసినావా?"

"పక్కనే ఉన్యా గదా."

అతను గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. "నేను నీకేం రాసినానో అడగవా?"

"అడగకూడదని అనుకున్యాం."

"ఇప్పుడు అడుగు."

కోమలి అడగలేదు. అతనే చెప్పాడు. ఈ విద్యార్థిని కష్టపడి పనిచేస్తుంది, క్రమశిక్షణ గలది, నడవడిక సంతృప్తికరం, ఆమెకు సకల విజయాలు కలగాలని కోరుకుంటున్నాను. నాలుగు లైన్లు. కాలేజీ వదిలిపోయేటప్పుడు ఆఫీసులో గుమాస్తా ఇచ్చే కాండక్టు సర్టిఫికెట్టు ఎలా ఉంటుందో అలా ఉంది. కోమలి చేతిలో దూది నుంచి చక్కెర నీళ్లు బల్ల మీద కారాయి.

"ముందు రెండు పేజీలు రాసినా" అన్నాడు ఉబేద్. "అమ్మతోడు. మళ్ళా సదువుకున్యా. సార్ రాసినట్టు ఉండాల గదా. ఒక ఆడపిల్ల ఎప్పుడొస్తాది, ఎప్పుడు పోతాది, ఏం చేస్తాది అని సార్ ఇంత గమనించినట్టు ఉంటే, సదివినోళ్లు తప్పుగా అనుకుంటారేమోనని భయమేసింది. నీకూ మంచిది కాదు, సార్‌కూ మంచిది కాదని అంతా కొట్టేసినా."

"జర్మనీలో అట్ల అనుకుంటారా?"

"నాకేం తెలుసు? నేను చిత్తూరు దాటి వచ్చింది తిరుపతికే గదా."

కోమలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇతను తనను తగ్గించలేదు. మర్యాద చేశాడు. మన వీధుల్లో, మన బస్సుల్లో, మన క్లాసుల్లో ఆడపిల్లకు చేసే మర్యాదే అది. కళ్లు దించుకుని పక్కకు జరగడం. అదే మర్యాద ఆమె సీటు తినేసింది.

"కొట్టేసిన దాంట్లో ఏముణ్ణింది?" అని అడిగింది.

ఉబేద్ తడుముకోకుండా చెప్పాడు. ఆమె తెచ్చే కాయల సంచిలో ఏ చెట్టు కింద ఏరినవి ఆ చెట్టుకు వేరుగా కట్టి ఉంటాయని చెప్పాడు. ఎవరూ అలా చేయమనలేదని, ఉత్తరం వైపు చెట్టు కాయల్లో ఈగలెక్కువని కనిపెట్టింది ఆ మూటల వల్లేనని చెప్పాడు. పంజరంలో ఈగ చచ్చిపోతే అందరూ ఊడ్చేస్తారు, ఆమె మాత్రం ఎందుకు చచ్చిందో తెలిసేదాకా పారేయదని చెప్పాడు. ఒకసారి సార్ బోర్డు మీద తప్పు రాస్తే అందరి ముందూ అనకుండా, సాయంత్రం పుస్తకం తీసుకుపోయి, "నాకిది అర్థం కాలేదు సార్" అని అడిగి సార్ చేతనే దిద్దించిందని చెప్పాడు.

"అది కూడా సూసినావా?"

"పక్కనే ఉన్యా గదా" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. ఒకరి నోట తన గురించి అంత పొడుగు మాట వినడం ఆమెకు అదే మొదలు. చాలా బాగుంది. అదే ఇంకా బాధగా ఉంది.

"వాళ్లకు రాసేస్తా" అన్నాడు ఉబేద్. "జరిగింది జరిగినట్టు సెప్పేస్తా. నవంబర్లో సెప్పినా గదా, ఇప్పుడూ సెప్తా."

"సెప్తే నీ సీటు పోతాది. సార్ పరువు పోతాది. నాది మాత్రం రాదు" అంది కోమలి. "నువ్వు పో. ఆ గీత ఎట్లుంటాదో సూసి నాకు పంపియ్యి. కానీ నాకు కోపంగా ఉండాది ఉబేద్. పొయ్యొచ్చినాక మాట్లాడదాం."

అతను జూన్‌లో వెళ్లాడు. ఇక్కడ అప్పుడు కాయల కాలం. హైవే పొడవునా ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కోమలి తోటలో నాయనకు సాయం చేసింది, రాలిన కాయలు ఏరి మూటలు కట్టింది, బస్సులో తిట్లు తింది. ఒక ఆదివారం ఫోనుకు వీడియో వచ్చింది. చీకటి తెర మీద ఆకుపచ్చ గీత నిద్రపోతున్నట్టు సాగుతూ, ఉన్నట్టుండి ఒక్క ఎగురు ఎగిరింది. కింద ఉబేద్, 'ఇప్పుడే పండు వాసన తగిలింది' అని రాశాడు. కోమలి దాన్ని చెట్టు కింద నిలబడి మళ్లీ మళ్లీ చూసింది. కోపం కొంచెం తగ్గింది. ఆశ మాత్రం పెరిగింది.

జూలైలో ఇంకో ప్రకటన కనబడింది. ఈసారి ఆస్ట్రేలియాలో. అక్కడ ఎండాకాలం డిసెంబర్లో వస్తుందట. రెండో ఏడాది వాళ్లు కూడా దరఖాస్తు చేయొచ్చు. పండు ఈగ అక్కడి తోటలనూ వదల్లేదు. కోమలి కృష్ణమూర్తి సార్ గదికి పోయింది. సార్ సంతోషించాడు.

"తప్పకుండా పెట్టమ్మా. నువ్వే రాసుకొని రా, నేను సంతకం పెడతా. ఉబేద్‌కు నేను రాసిన లెటర్ ఉండాది సూడు, దాన్నే మాదిరిగా పెట్టుకో. దాంట్లో యెట్ల రాసినానో గమనించు."

ఆ లెటర్‌లో ఎలా రాసి ఉందో కోమలి గమనించాల్సిన పని లేదు. తలుపు దాకా వెళ్లింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇన్నేళ్లలో తాను ఎవరినీ ఏమీ అడగలేదని ఆమెకు ఆ తలుపు దగ్గర తోచింది. వెనక్కి వచ్చి, సార్ రమ్మనకుండానే, ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"లేదు సార్. ఈసారి మీరే రాయల్ల."

సార్ గడియారం చూశాడు. ఆమెను చూశాడు. కోప్పడాలా వద్దా అని ఆయనే తేల్చుకోలేకపోయాడు. చివరికి కంప్యూటర్ ముందుకు జరిగి, కొత్త పేజీ తెరిచి, ఆమె పేరు కొట్టాడు.

"ఏం రాయాలమ్మా?"

"మీరు సూసింది రాయండి సార్."

సార్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. 'వేళకు వస్తుంది' అని కొట్టాడు. ఆపైన ఏమీ కొట్టలేదు. ఆయన ఆలోచిస్తున్నాడు. నిజంగానే వెతుకుతున్నాడు. తన ల్యాబులో ఏడాదిగా తిరిగిన పిల్ల గురించి రెండో వాక్యం కోసం వెతుకుతున్నాడు. దొరకడం లేదని ఆయన మొహంలో కొంచెం కొంచెంగా తెలుస్తోంది. క్లాసులో అంత ధాటిగా మాట్లాడే మనిషి చివరికి చాలా చిన్న గొంతుతో అడిగాడు.

"మీది ఏ ఊరమ్మా?"

కోమలి మనసు చివుక్కుమంది. ఒక్క క్షణం లేచి పోదామనిపించింది. అప్పుడే అటెండర్ తలుపు తోసి, ప్రిన్సిపల్ గారు మీటింగుకు రమ్మంటున్నారని చెప్పాడు. కోమలి కుర్చీలోంచి లేవబోయింది.

సార్ ఆమెను చేత్తో కూర్చోమన్నాడు. అటెండర్ వైపు తిరిగి, "రాలేనని చెప్పు. పనిలో ఉండానని చెప్పు" అన్నాడు.

తలుపు మూసుకున్నాక సార్ కుర్చీని పూర్తిగా ఆమె వైపు తిప్పుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు సిగ్గుగా ఉందని కోమలికి తెలుస్తూనే ఉంది.

"మొదటినుంచి సెప్పమ్మా" అన్నాడు. "ఏదీ తగ్గించొద్దు."

కోమలి చెప్పడం మొదలుపెట్టింది.